తాళంచెవి ఒక్కటే: లాడ్జి బుకింగ్ అప్లికేషన్ కట్టుకుంటూ డేటా యాక్సెస్ నేర్చుకుందాం

తిరుపతిలో పెరటాసి (తమిళ నెల) శనివారం వచ్చిందంటే లాడ్జి కౌంటర్ల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. తమిళనాడు నుంచి బస్సుల మీద బస్సులు దిగుతుంటాయి. అలాంటి ఒక శనివారం తెల్లవారుజామున, నేను రాసిన బుకింగ్ సాఫ్ట్‌వేర్ 204 నంబర్ గదిని రెండు కుటుంబాలకు ఇచ్చేసింది. ఒకరు కౌంటర్‌లో డబ్బు కట్టారు. ఇంకొకరు రైల్లో ఉండగానే వెబ్‌సైట్‌లో కట్టి, స్టేషన్‌లో దిగి నేరుగా వచ్చేశారు. ఇద్దరి చేతిలోనూ రసీదు ఉంది. మేనేజర్ గారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఏం నాయనా, బోర్డుకి తాళంచెవి ఒగటే తగిలించుండాం. నీ కంప్యూటరు ఇద్దరికి ఎట్ల ఇచ్చింది?" అని మాత్రం అడిగారు.

ఆయన ప్రశ్నలోనే సమాధానం ఉందని నాకు రెండు రోజుల తర్వాత అర్థమైంది. కంప్యూటర్ లేని రోజుల్లో కౌంటర్ గుమాస్తా చేయి చాపి బోర్డు మీది తాళంచెవి తీసేవాడు. గది ఖాళీగా ఉందో లేదో చూడడం, దాన్ని తీసుకోవడం ఒకే పనిలో అయిపోయేవి. నా కోడ్ ఆ పనిని రెండుగా విడగొట్టింది. ముందు సెలెక్ట్ క్వెరీతో గది ఖాళీనా అని అడిగేది, ఖాళీ అయితే ఇన్‌సర్ట్ క్వెరీతో బుకింగ్ రాసేది. ఆ రెంటి మధ్య కొన్ని మిల్లీసెకన్ల సందు. మామూలు రోజుల్లో ఆ సందులోకి ఎవరూ రారు. పెరటాసిలో వస్తారు.

ఆ అప్లికేషన్‌ను మొదటి నుంచి మళ్లీ కట్టాను. కట్టిన క్రమంలోనే ఇక్కడ చెబుతాను. నేను వాడింది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో పద్ధతి మారే చోట ఆ సంగతి కూడా చెబుతాను. పైన జావా ఉన్నా, డాట్‌నెట్ ఉన్నా, పైథాన్ ఉన్నా లెక్క మారదు.

మొదటి అడుగు: కౌంటర్ దగ్గర ఒక రాత్రి కూర్చోండి

టేబుళ్లు గీయకముందే అక్కడ వాళ్లు మాట్లాడే మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నేను రాసుకున్నవి ఇలాంటివి: "మా దగ్గర 24 గంటల చెక్ అవుట్." "క్లీనింగ్‌కి అరగంట వదలాల." "వాళ్లు ఇంకో రెండు గంటలుంటామంటున్నారు, ఇద్దామా?" "ఫోన్‌లో చెప్పిన పార్టీ ఇంకా రాలేదు, గంట చూసి ఇచ్చేయ్."

వీటిలో ప్రతి మాటా ఒక డేటా నియమమే. 24 గంటల చెక్ అవుట్ అంటే తెల్లవారుజామున 3 గంటలకు దిగిన కుటుంబం మర్నాడు 3 దాకా ఉంటుంది. అంటే బుకింగ్ టేబుల్‌లో 'తేదీ' అనే కాలమ్ పనికిరాదు. మొదలయ్యే సమయం, ముగిసే సమయం రెండూ ఉన్న ఒక 'కాలం' కావాలి. చెక్ ఇన్ క్షణం ఆ కాలంలోకి వస్తుంది, చెక్ అవుట్ క్షణం రాదు. ఈ చిన్న నిర్ణయం తీసుకోకపోతే 3 గంటలకు ఖాళీ అయ్యే గదిని 3 గంటలకే ఇంకొకరికి ఇవ్వబోతే ఢీకొన్నట్టు లెక్క తేలుతుంది. క్లీనింగ్ అరగంటను గది ఆగే కాలంలో కలపండి, బిల్లు వేసే కాలంలో కలపకండి. అంటే కాలాలు రెండు ఉంచుకోవాలి.

రెండు కాలాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా అని చూడడానికి చాలామంది నాలుగైదు ఇఫ్‌లు రాస్తారు. నేనూ రాశాను, అందులో ఒకటి తప్పు. నిజానికి చిన్న షరతు చాలు: కొత్తది మొదలయ్యేది పాతది ముగిసేలోపు, పాతది మొదలయ్యేది కొత్తది ముగిసేలోపు. రెండూ నిజమైతే ఢీకొన్నట్టే.

సమయం విషయంలో తిరుపతికి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి, మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా సర్వర్ దృష్టిలో ఇంకా నిన్నటి తేదీయే. చాలా ఊళ్లలో ఆ వేళ కౌంటర్ నిద్రపోతుంది. ఇక్కడ రద్దీయే అప్పుడు. నా మొదటి వెర్షన్‌లో రోజువారీ వసూళ్ల రిపోర్ట్ ఎప్పుడూ తేడా వచ్చేది, క్యాషియర్‌ను అనవసరంగా అనుమానించారు. టైమ్‌జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ రకంలోనే దాచండి. 'ఈ రోజు' అని లెక్కించేటప్పుడు మాత్రం ఆసియా కోల్‌కతా టైమ్‌జోన్ అని క్వెరీలో స్పష్టంగా రాయండి.

రెండో అడుగు: టేబుళ్లు

గదులు, అతిథులు, బుకింగులు, చెల్లింపులు, బిల్లు లైన్లు, పన్ను రేట్లు. ప్రస్తుతానికి ఇంతే. గదుల టేబుల్‌లో 'ఖాళీ, నిండింది' అనే స్టేటస్ కాలమ్ పెట్టాలని చేయి లాగుతుంది. పెట్టకండి. బుకింగులు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది కదా. పెడితే నిజం రెండు చోట్ల ఉంటుంది, ఏదో ఒక రాత్రి రెండూ రెండు మాటలు చెబుతాయి.

డబ్బును ఫ్లోట్ అనే, దశాంశాలను సుమారుగా దాచే రకంలో పెట్టకండి. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. పైసల్లో పూర్ణాంకంగానో, న్యూమరిక్ రకంలోనో ఉంచండి. ఆధార్ కాపీ ఫోటోలను అతిథుల టేబుల్‌లో పెట్టకుండా వేరే చోట ఉంచండి. లేకపోతే పేర్ల జాబితా కోసం అన్ని కాలమ్‌లూ తెచ్చే క్వెరీ ఒకటి రాసినా ఫోటోలన్నీ వెంట వస్తాయి. పైగా ఆ ఫోటోలు చూసే అనుమతి అందరికీ ఉండకూడదు.

పన్ను రేటు గురించి కొంచెం ఆగి చెప్పాలి. రోజుకు వెయ్యి రూపాయలు, అంతకు లోపు అద్దె ఉన్న గదులకు 2022 జులై 17 దాకా జీఎస్‌టీ లేదు. 18 నుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు 5 శాతమైంది. కోడ్‌లో 12 అని రాసుకున్నవాళ్లు ఆ సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి కొత్త వెర్షన్ ఎక్కించాల్సి వచ్చి ఉంటుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, పాత బిల్లును మళ్లీ ప్రింట్ తీస్తే అది కొత్త రేటుతో రావడం. కాబట్టి రేట్లను 'ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా' అనే కాలంతో టేబుల్‌లో పెట్టండి. బిల్లు వేసే క్షణాన ఉన్న రేటును, పన్ను మొత్తాన్ని బిల్లు లైన్‌లోకి కాపీ చేయండి. ఒకే చోట ఉండాల్సిన నిజాన్ని రెండుసార్లు రాస్తున్నట్టు అనిపించవచ్చు. కాదు. ఈనాటి రేటు ఒక నిజం, ఆనాడు వసూలు చేసిన రేటు వేరే నిజం.

మూడో అడుగు: కాపలాను డేటాబేస్‌కు అప్పగించండి

అసలు విషయం ఇక్కడుంది. 'ఒక గది ఒక సమయంలో ఒక్కరికే' అనే నియమాన్ని అప్లికేషన్ కోడ్‌లో మాత్రమే పెడితే, ఆ కోడ్ నాలుగు ప్రాసెస్‌లుగా నడిచిన రోజు నలుగురు కాపలాదారులు ఒకరినొకరు చూసుకోకుండా తలుపులు తీస్తారు. అందరూ చివరికి వచ్చే చోటు డేటాబేస్ ఒక్కటే. తాళంచెవి బోర్డు అదే.

పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ (ఢీకొనే వరుసలను డేటాబేసే అడ్డుకునే నియమం) ఉంది. వెర్షన్ 9.0లో వచ్చింది. కాలాన్ని ఒకే కాలమ్‌లో దాచే రేంజ్ రకాలు 9.2లో వచ్చాయి. పని ఇలా చేయాలి. ముందు బీట్రీ జిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ఎక్కించండి. తర్వాత బుకింగుల టేబుల్‌కు ఈ కన్‌స్ట్రెయింట్ చేర్చండి: గది నంబర్ సమానమై, కాలాలు ఒకదానిమీద ఒకటి పడే రెండు వరుసలు ఉండకూడదు. చివర్లో, రద్దయిన బుకింగులను ఇందులో లెక్కించవద్దని వేర్ షరతు పెట్టండి. ఇక ఇద్దరు ఒకే క్షణంలో 204 కోసం ఇన్‌సర్ట్ చేస్తే రెండోది ఆగుతుంది. మొదటిది కమిట్ (ఖాయం) అయితే రెండోదానికి ఎర్రర్ వస్తుంది. మొదటిది రోల్‌బ్యాక్ (రద్దై వెనక్కి) అయితే రెండోది ముందుకు పోతుంది. మధ్యలో సందు లేదు.

దీనితో ఒక లాభం ఉచితంగా వస్తుంది. 'ఇంకో రెండు గంటలుంటాం' అన్నవాళ్లకు కాలాన్ని పొడిగించే అప్‌డేట్‌కు కూడా ఇదే కాపలా వర్తిస్తుంది. తర్వాతి పార్టీ ఉంటే డేటాబేసే కుదరదంటుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా రాయాలి. ఎక్స్‌క్లూజన్ ఉల్లంఘనకు కోడ్ 23పీ01. దాన్ని మాత్రమే పట్టుకుని 'ఈ గదిని ఇప్పుడే వేరొకరు తీసుకున్నారు' అనే మాటగా మార్చి, పక్క గది చూపించండి. అన్ని ఎర్రర్లనూ ఒకే వలలో పట్టి 'ఏదో తప్పు జరిగింది' అని చెబితే గుమాస్తా మళ్లీ మళ్లీ అదే బటన్ నొక్కుతాడు. ఇంకో సంగతి, ట్రాన్సాక్షన్ అంటే అన్నీ కలిసి జరగాల్సిన, లేదా ఏదీ జరగకూడని క్వెరీల మూట; ఎర్రర్ వచ్చిన ట్రాన్సాక్షన్‌లో తర్వాత ఏ క్వెరీ పంపినా పోస్ట్‌గ్రెస్ తీసుకోదు. రోల్‌బ్యాక్ చేసి కొత్తగా మొదలుపెట్టాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ సదుపాయం లేదు. అక్కడ ముందు గదుల టేబుల్‌లో ఆ గది వరుసను సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేయండి. తర్వాత ఢీకొనే బుకింగ్ ఉందా అని చూసి, లేకపోతే రాసి, కమిట్ చేయండి. చూసే క్వెరీ కూడా లాక్ తీసుకునే రకంగానే రాయండి. ఎందుకంటే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటా దాచే ఇంజిన్) డిఫాల్ట్ ఐసోలేషన్, అంటే ఒక ట్రాన్సాక్షన్‌కు ఇతరుల మార్పులు ఎంత కనిపించాలనే నియమం, రిపీటబుల్ రీడ్, మామూలు సెలెక్ట్‌కు పాత దృశ్యం కనిపించవచ్చు. ఈ పద్ధతి పనిచేస్తుంది, కానీ బుకింగ్ రాసే ప్రతి చోటా గుర్తుపెట్టుకుని పాటించాలి. గుర్తుంచుకోవాల్సిన నియమం ఏదో ఒక రోజు మరిచిపోయే నియమమే, అందుకే నా ఓటు కన్‌స్ట్రెయింట్‌కు.

వెబ్‌సైట్‌లో బుక్ చేసేవాళ్లు గది నంబర్ అడగరు, 'నాన్ ఏసీ డబుల్' అంటారు. ఆ రకంలో ఖాళీగా ఉన్న మొదటి గదిని వెతికే క్వెరీకి ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ జోడించండి. అప్పుడు ఒకేసారి వచ్చిన ఇద్దరూ ఒకే గది కోసం తోసుకోకుండా, లాక్ అయిన గదిని వదిలి రెండోవాడు పక్కదానికి పోతాడు. మైఎస్‌క్యూఎల్ 8.0లో కూడా ఇది ఉంది. అయినా కన్‌స్ట్రెయింట్ తీసేయకండి. స్కిప్ లాక్డ్ తోపులాట తగ్గిస్తుందంతే, కాపలా కాయదు.

డబ్బు కట్టే పేజీలో ఉన్నవాళ్లకు గదిని పది నిమిషాలు హోల్డ్‌లో పెట్టాలి. ఇక్కడ నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. 'గడువు దాటిన హోల్డ్‌లను లెక్కించవద్దు' అని కన్‌స్ట్రెయింట్ షరతులోనే ఇప్పటి సమయంతో పోల్చి రాయబోయాను. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఆ షరతులో ఎప్పటికీ ఒకే సమాధానం ఇచ్చే ఫంక్షన్లే ఉండాలి, గడియారం అలా కాదు కదా. దారి ఏమిటంటే, కొత్త బుకింగ్ రాసే ట్రాన్సాక్షన్‌లోనే ముందుగా ఆ గదిపై గడువు దాటిన హోల్డ్‌ను రద్దుగా మార్చి, ఆ తర్వాత ఇన్‌సర్ట్ చేయడం.

నాలుగో అడుగు: ట్రాన్సాక్షన్‌లో ఏముండాలి, ఏముండకూడదు

బుకింగ్ వరుస, అడ్వాన్స్ చెల్లింపు వరుస, రసీదు నంబర్ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. ఉంటే మూడూ ఉండాలి, లేకపోతే ఏదీ ఉండకూడదు. ఎస్ఎంఎస్ పంపడం, పేమెంట్ గేట్‌వేను పిలవడం మాత్రం లోపల పెట్టకండి. గేట్‌వే జవాబుకు పది సెకన్లు పడితే ఆ పది సెకన్లూ లాక్ పట్టుకుని కూర్చుంటారు. అందుకు ఔట్‌బాక్స్ అనే టేబుల్ పెట్టుకోండి. 'ఈ నంబర్‌కు ఈ సందేశం పంపాలి' అని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక వరుస రాయండి. వేరే ప్రాసెస్ ఒకటి వాటిని తీసుకుని పంపుతూ ఉంటుంది. బుకింగ్ రోల్‌బ్యాక్ అయితే సందేశం కూడా దానితోనే పోతుంది.

యూపీఐ చెల్లింపు అయిందని గేట్‌వే పంపే సమాచారం ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది. అది వాళ్ల తప్పు కాదు, మన జవాబు అందకపోతే మళ్లీ పంపుతారు. వాళ్లిచ్చే ట్రాన్సాక్షన్ ఐడీపై యునీక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. రెండోసారి వచ్చినదానికి 'అందింది' అని జవాబిచ్చి ఊరుకోండి.

పెద్ద కుటుంబాలు రెండు మూడు గదులు ఒకేసారి అడుగుతాయి. ఒకరు 203, 204 క్రమంలో, ఇంకొకరు 204, 203 క్రమంలో తీసుకుంటే ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు. అదే డెడ్‌లాక్. ఎప్పుడైనా గది నంబర్ల ఆరోహణ క్రమంలోనే తీసుకోవాలని కోడ్‌లో ఒక్కచోట రాసేయండి. అప్పటికీ అరుదుగా 40పీ01 అనే డెడ్‌లాక్ ఎర్రర్ వస్తే మొత్తం ట్రాన్సాక్షన్‌ను రెండు మూడుసార్లు మళ్లీ ప్రయత్నించండి. 40001 (ఏకకాలపు ట్రాన్సాక్షన్లు పొసగనప్పుడు వచ్చే ఎర్రర్)కి కూడా అంతే. 23పీ01కి మాత్రం మళ్లీ ప్రయత్నించి లాభం లేదు. గది నిజంగానే పోయింది.

ఐదో అడుగు: అందరూ ఒకే వాకిలి నుంచి రావాలి

ఇప్పుడు ఆర్కిటెక్చర్ అనే పెద్ద మాట. నా పాత కోడ్‌లో కౌంటర్ స్క్రీన్‌కు ఒక క్వెరీ, వెబ్‌సైట్‌కు ఒక క్వెరీ, ఓనర్ మొబైల్ యాప్‌కు ఇంకొకటి ఉండేవి. మూడింటిలోనూ 'ఖాళీ' అనే మాటకు అర్థం కొంచెం కొంచెం వేరు. దానికి మందు రిపాజిటరీ. డేటాబేస్‌తో మాట్లాడే కోడ్ అంతా ఒక చోట, మిగతావాళ్లు దాన్నే అడగాలి.

అయితే రిపాజిటరీ పేరుతో ప్రతి టేబుల్‌కూ చేర్చు, మార్చు, తీసెయ్, అన్నీ తెచ్చు అనే నాలుగు ఫంక్షన్లు కాపీ కొట్టడం నాకు నచ్చదు. ఓఆర్ఎం (టేబుల్ వరుసలను కోడ్‌లోని ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) ఆ పని ఎలాగూ చేస్తోంది, దాని మీద ఇంకో దుప్పటి ఎందుకు? కౌంటర్‌లో మాట్లాడే మాటలే ఫంక్షన్ పేర్లు కావాలి: ఖాళీ గదులు చూపించు, గది పట్టుకో, బస పొడిగించు, గది వదిలించు. 'గది వదిలించు' లోపల రెండు టేబుళ్లు మారతాయా, ఐదు మారతాయా అన్నది బయటివాళ్లకు అక్కర్లేదు.

అద్దె లెక్క, పన్ను, 24 గంటల నియమం ఇలాంటివి డేటాబేస్ లైబ్రరీని, వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను ఇంపోర్ట్ చేయని ఫోల్డర్‌లో ఉండాలి. డేటాబేస్ కోడ్ ఆ నియమాలను చూడవచ్చు, నియమాలు డేటాబేస్‌ను చూడకూడదు. ఎలిస్టర్ కాక్‌బర్న్ 2005లో హెక్సాగనల్ ఆర్కిటెక్చర్ అని రాసింది ఈ ఆలోచననే. మూడు ఫోల్డర్లు చాలు. నలభై గదుల లాడ్జికి మైక్రోసర్వీసులు వద్దు. బుకింగ్ ఒక సర్వీసులో, చెల్లింపు ఇంకో సర్వీసులో వేరే డేటాబేస్‌తో పెడితే నాలుగో అడుగులోని ఒకే ట్రాన్సాక్షన్ అనే సుఖం చేజేతులా పోగొట్టుకుంటారు.

ఓఆర్ఎం వాడాలా, ఎస్‌క్యూఎల్ రాయాలా? రెండూ. రాసే పనులకు ఓఆర్ఎం హాయిగా ఉంటుంది. రిపోర్ట్‌లకు, ఖాళీ గదుల స్క్రీన్‌కు నేను చేత్తో ఎస్‌క్యూఎల్ రాస్తాను. విలువలను స్ట్రింగ్‌లో అతికించకుండా పారామీటర్లుగా పంపండి. అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు, అంటే బయటివాళ్లు టైప్ చేసిన మాట క్వెరీగా నడవడానికి, తలుపు తెరిచినట్టే.

ఆరో అడుగు: స్క్రీన్ ఎందుకు నత్తనడక నడుస్తోంది

కౌంటర్ డ్యాష్‌బోర్డ్‌లో నలభై గదులు. ఓఆర్ఎం ముందు గదుల కోసం ఒక క్వెరీ పంపుతుంది. తర్వాత ప్రతి గదికీ బుకింగ్ కోసం ఒకటి, అతిథి కోసం ఒకటి. మొత్తం 81. డేటాబేస్ పక్కనే ఉంటే ఎవరూ గమనించరు. ఒక్కో క్వెరీకి 30 మిల్లీసెకన్లు పట్టే దూరంలో ఉంటే దాదాపు రెండున్నర సెకన్లు, అదీ కౌంటర్ ముందు వరుస కట్టినప్పుడు. జాయిన్‌తో, అంటే టేబుళ్లను కలిపి, ఒకే క్వెరీ చేస్తే సరిపోతుంది. దీన్ని పట్టుకోవడం కూడా తేలికే. డెవలప్‌మెంట్‌లో క్వెరీ లాగ్ ఆన్ చేసి, ఒక్కో స్క్రీన్‌కు ఎన్ని క్వెరీలు పోతున్నాయో లెక్కపెట్టండి. గదుల సంఖ్యతో పాటు క్వెరీలు పెరిగితే జబ్బు ఉన్నట్టే.

ఫారిన్ కీ (ఇంకో టేబుల్ వరుసను చూపే) కాలమ్‌లకు ఇన్నోడీబీ తానే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ పెట్టదు. మీరే పెట్టాలి. నెమ్మదిగా ఉన్న క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ జోడించి, టేబుల్ మొత్తం చదువుతోందేమో చూడండి. పాత రిజిస్టర్ పేజీలకు ఆఫ్‌సెట్ ('ఇన్ని వరుసలు దాటెయ్' అనడం) వాడితే, వందో పేజీ చూపించడానికి ముందు తొంభై తొమ్మిది పేజీలూ చదివి పారేస్తుంది. 'చివరిగా చూసిన బుకింగ్ కన్నా పాతవి' అని అడగడం మేలు.

కనెక్షన్ పూల్‌ను (ముందే తెరిచి ఉంచుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపును) పెంచితే వేగం పెరుగుతుందని ఒక భ్రమ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక ప్రాసెస్, డిఫాల్ట్ హద్దు 100. నాలుగు అప్లికేషన్ ప్రాసెస్‌లకు తలా 30 ఇస్తే 120 అవుతుంది, రద్దీ రోజునే కనెక్షన్ దొరకదు. జావాలో ఎక్కువమంది వాడే హికారీ పూల్ డిఫాల్ట్ 10 మాత్రమే. లాడ్జికి అది ఎక్కువే.

ఏడో అడుగు: నెట్ పోతే?

దీనికి టెక్నాలజీ జవాబు లేదు. కౌంటర్ ఆఫ్‌లైన్‌లో అమ్ముతూ, వెబ్‌సైట్ అవే గదులను అమ్ముతుంటే డబుల్ బుకింగ్ జరిగే తీరుతుంది. మేనేజర్ గారితో మాట్లాడి కింది అంతస్తు గదులను వెబ్‌సైట్‌లోంచి తీసేశాం. నెట్ ఉన్నా లేకపోయినా అవి కౌంటర్‌వే. పండగ రోజుల్లో కొంత ఆన్‌లైన్ అమ్మకం పోతుంది, ఓనర్ అందుకు ఒప్పుకున్నారు.

ఎనిమిదో అడుగు: నిజమైన డేటాబేస్‌తో పరీక్ష

నా పాత కోడ్‌కు యూనిట్ టెస్టులు లేక కాదు. అన్నీ మెమరీలోని నకిలీ రిపాజిటరీ మీద నడిచేవి, అన్నీ పాసయ్యేవి. అద్దె, పన్ను లెక్కలకు ఆ పద్ధతి బాగుంటుంది. గది పట్టుకునే పనికి మాత్రం కంటైనర్‌లో అసలు పోస్ట్‌గ్రెస్‌ను, ప్రొడక్షన్‌లో ఉన్న వెర్షన్‌నే లేపి పరీక్షించాలి. ఒకే గదికి, ఒకే కాలానికి యాభై రిక్వెస్టులను ఒకేసారి వదలండి. ఒక్క బుకింగే పడాలి, చెల్లింపుల టేబుల్‌లో ఒక్క వరుసే ఉండాలి, ఔట్‌బాక్స్‌లో ఒక్క సందేశమే ఉండాలి. మిగతా 49 మందికీ సర్వర్ ఎర్రర్ కాకుండా వేరే గది నంబర్ కనిపించాలి. తర్వాత ఇదే పరీక్షను రాత్రి 12 నుంచి ఉదయం 5:30 మధ్య పడే చెక్ ఇన్ సమయంతో మళ్లీ నడిపి, రోజువారీ వసూళ్ల రిపోర్ట్‌లో ఆ డబ్బు ఏ తేదీ కింద పడిందో చూడండి.